కేస్ స్టడీ: నాన్నగారి లారీ, ఒక అంకె తేడా, రెండు బండ్లు

పాత వాహనాల జాడ తీయడం నా వృత్తి. ఎక్కువగా కార్లు, మోటార్‌సైకిళ్ల కేసులే వస్తాయి. లారీ కోసం వచ్చేవాళ్లు తక్కువ, వచ్చినా అన్నీ ఒప్పుకోను. కారు ఎన్ని చేతులు మారినా కారుగానే ఉంటుంది. లారీకి ఓనరు మారితే పని మారుతుంది, పని మారితే రూపం మారుతుంది. దూరప్రయాణాలు చేసిన బండి కొన్నేళ్లకు ఇసుకకో ఇటుకకో దిగుతుంది. ఆ తర్వాత ట్యాంకరవుతుంది, లేదా క్రేన్ మోస్తుంది. ఆఖరికి ఇంజన్ ఒకచోట, ఫ్రేమ్ ఒకచోట మిగులుతాయి. అందుకే లారీ కేసులో మొదటి రోజే చెప్పేస్తాను: బండి దొరికినా అది మీ ఫోటోలో ఉన్నట్టు ఉండకపోవచ్చు.

ఈ కేసులో ఒక అక్కాతమ్ముడు వచ్చారు. వాళ్ల నాన్నగారు 1970ల మధ్యలో ఒక మెర్సిడెస్-బెంజ్ ఎల్ 1113 కొని, చాలా ఏళ్లు స్వయంగా నడిపి, తర్వాత అమ్మేశారు. ఇప్పుడు ఆయన లేరు. అక్కకి ఆ బండి కావాలి, ఎంత ఖర్చైనా తెచ్చుకుని బాగుచేయించాలి. తమ్ముడికి అది ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలిస్తే చాలు. ఇద్దరూ ఒకే మాట మీద వచ్చామని అనుకున్నారు గానీ, నా దృష్టిలో అవి రెండు వేరు వేరు కేసులు. ఫైల్లో విడివిడిగానే రాసుకున్నాను. చివర్లో అది పనికొచ్చింది.

బండి గురించి రెండు ముక్కలు

ఎల్ 1113 అనే పేరులోనే సగం సమాచారం ఉంది. మొదటి రెండంకెలు సరుకుతో కలిపి బండి మొత్తం తూకాన్ని టన్నుల్లో చెబుతాయి, అంటే సుమారు 11 టన్నులు. చివరి రెండూ ఇంజన్ శక్తి, పదుల హార్స్‌పవర్ లెక్కన సుమారు 130. పొట్టి ముక్కున్న ఈ లారీల కుటుంబం 1959లో మొదలైంది. 5.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఓఎం 352 ఇంజన్ 1960లలో వీటికి వచ్చింది. ప్రపంచంలో ఎన్నో దేశాల్లో తిరిగిన బండి, ఒకదాని భాగాలు ఇంకోదానికి సరిపోతాయి. కాబట్టి ఇలాంటి లారీ దొరకడం తేలిక, 'ఇదే ఆ లారీ' అని తేల్చడం కష్టం. అరుదైన మోడల్ అయితే సరిగ్గా దీనికి తిరగబడుతుంది.

వాళ్లు తెచ్చినవి: కొన్ని ఫోటోలు, రిజిస్ట్రేషన్ పత్రం నకలు, చాలా జ్ఞాపకాలు.

జ్ఞాపకాల్లో ముందుగా వచ్చేవి నంబర్ ప్లేటు, రంగు. ఆ రెంటినీ నేను ఆఖరున నమ్ముతాను. నంబర్ ప్లేటు విషయంలో దేశానికో పద్ధతి ఉంది. బ్రిటన్‌లో నంబరు మామూలుగా బండితోనే ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బండి అమ్మితే ప్లేటు పాత ఓనరు దగ్గరే ఉండిపోతుంది. మీ చోట ఏ పద్ధతో తెలుసుకోకుండా నంబర్ పట్టుకుని తిరిగితే ఇంకొకరి బండి ముందుకెళ్లి నిలబడతారు.

రంగు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అక్క 'ఎరుపు' అంది, తమ్ముడు 'కాదు, ముదురు గోధుమ' అన్నాడు. ఫోటోలో ఎర్రగానే ఉంది. కానీ అదే ఫోటోలో నాన్నగారి తెల్ల చొక్కా కూడా గులాబీ రంగులో ఉంది. ఆ కాలపు కలర్ ప్రింట్లలో నీలి-ఆకుపచ్చ ఛాయనిచ్చే రంగు ముందుగా వెలిసిపోవడం మామూలే. అది పోతే మిగిలిన బొమ్మంతా ఎరుపులోకి తిరుగుతుంది. చొక్కా తెల్లగా కనబడేదాకా స్కాన్‌ను సరిచేస్తే లారీ గోధుమ రంగులోకి వచ్చింది. తమ్ముడు గెలిచాడు. కేసుకు దీనివల్ల ఒరిగిందేమీ లేదు, లారీకి పెయింట్ ఎన్నిసార్లైనా వేస్తారు. అయితే ఒక్క లాభం ఉంది: ఆ తర్వాత అక్క ఏ విషయాన్నైనా 'నాకు గుర్తున్నంతవరకు' అని మొదలుపెట్టింది. ఇలాంటి పనిలో ఆ మాట చాలా విలువైనది.

నేను వెతికేది మారనివి. నంబర్ ప్లేటు, రంగు, క్యాబిన్, బాడీ, ఇంజన్, అన్నీ మారతాయి. ఫ్రేమ్, అంటే బండినంతా మోసే ఇనుప చట్రం, మారడం అరుదు. దాని మీద పంచ్ చేసిన ఛాసిస్ నంబరే బండి అసలు పేరు. చాలా లారీల్లో అది ముందు చక్రం దగ్గర, ఫ్రేమ్ చానెల్ మీద, అంటే ఫ్రేముకు పక్కన పొడవునా ఉండే ఇనుప దూలం మీద ఉంటుంది. క్యాబిన్‌లో రివెట్లు కొట్టిన ప్లేటు మీద కూడా నంబరు ఉంటుంది గానీ, క్యాబిన్ మారితే ఆ ప్లేటూ దాంతోపాటే పోతుంది.

నకలులో ఛాసిస్ నంబరు పూర్తిగా ఉంది. ఈ కాలపు మెర్సిడెస్ నంబర్లలో మొదటి ఆరంకెలు మోడల్ రకాన్ని, చివరి ఆరు వరుస సంఖ్యను చెబుతాయి. మొదటి ఆరూ ఎల్ 1113కి సరిపోయాయి. ఇప్పుడు మనకు అలవాటైన 17 అక్షరాల నంబరు ఇది కాదు. అమెరికాలో ఆ పద్ధతి 1981 మోడళ్ల నుంచి తప్పనిసరైంది. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడకుండా. ఉత్తర అమెరికా నంబర్లలో తొమ్మిదో స్థానం తనిఖీ అంకె: రాసేటప్పుడు ఎక్కడో ఒక అంకె తప్పితే లెక్క కుదరక దొరికిపోతుంది. పాత నంబర్లకు ఆ రక్షణ లేదు. గుమాస్తా చేతిలో 3 కాస్తా 8 అయితే అది తప్పని ఆ నంబరు మనకు చెప్పదు. ఈ కేసంతా ఆ చిన్న సందులోనే తిరిగింది.

మొదటి బండి

పాత లారీలు పోగుచేసేవాళ్లకు, విడిభాగాలు అమ్మేవాళ్లకు నేను విచారణ పంపుతాను. అందులో మోడల్, సుమారు సంవత్సరం, నంబరులో మొదటి భాగం మాత్రమే ఇస్తాను. చివరి అంకెలు ఎప్పుడూ బయటపెట్టను. 'ఫలానా నంబరు బండికి ఎంతైనా ఇస్తారు' అనే కబురు పాకితే ఆ నంబరు ఎక్కడో ఒకచోట పుట్టుకొస్తుంది. ఈ మాట నా దగ్గరికి వచ్చేవాళ్లకు నచ్చదు, మొత్తం ఇస్తే త్వరగా దొరుకుతుంది కదా అంటారు. త్వరగా దొరకడమే నా భయం.

ఒక సేకరణదారు నుంచి జవాబొచ్చింది, ఫ్రేమ్ మీది నంబరు ఫోటోతో సహా. అడగకుండానే చివరి అంకెలూ అందులో కనిపించాయి. నకలులోని నంబరుతో అక్షరాలా సరిపోయింది. బండి కూడా ముచ్చటగా ఉంది, అదే ముక్కు, అదే క్యాబిన్, చెక్క బాడీ. అమ్మడానికి ఆయన సిద్ధం. ఫోటో చూసి అక్క వెంటనే ఫోన్ చేసింది: "ఇన్నాళ్ల టెన్షన్ పోయిందండీ. డబ్బు ఎప్పుడు పంపమంటారు?"

పంపొద్దన్నాను. బండి దొరికిందనుకున్న చోట నా పనిలో రెండో భాగం మొదలవుతుంది: ఇది ఆ బండి కాదని నిరూపించడానికి ప్రయత్నించడం. సరిపోయేవాటిని వెతికితే ఎన్నైనా దొరుకుతాయి, ముఖ్యంగా ఇలా ఒకే పోతగా తయారైన వస్తువుల్లో. సరిపోనిది ఒక్కటి దొరికితే చాలు, దానికి జవాబు చెప్పేదాకా ముందుకు కదలకూడదు.

సరిపోనిది ఏదై ఉండొచ్చో తెలియాలంటే ఈ బండికి మాత్రమే జరిగినదేదో తెలియాలి. తమ్ముణ్ణి అడిగాను, నాన్నగారి చేతిలో ఉండగా యాక్సిడెంట్ ఏమైనా అయిందా అని. అయింది. ఫ్రేమ్ వంగితే సరిచేయించి, ఎడమవైపు బలానికి అదనపు ఇనుప ప్లేట్లు వేయించారని ఇంట్లో చెప్పుకునేవారట. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫైలు పాత పెట్టెలో ఉందేమో చూడమన్నాను. ఉంది.

ఆ ఫైలు రాకముందే మొదటి బండిని వెళ్లి చూశాను. ఎడమ చానెల్ లోపలా బయటా శుభ్రంగా ఉంది. ప్లేటు లేదు, పీకేసిన ప్లేటు వదిలే బోల్టు రంధ్రాలు లేవు, వేడి చేసి వంచిన గుర్తులు లేవు. ప్లేట్లు విప్పేయొచ్చు గానీ రంధ్రాలు మాయం కావు. పూడ్చి సాపు చేసినా పెయింట్ కింద తేడా తెలుస్తుంది. వంగిన ఫ్రేముకు మరమ్మతు జరిగిందని ఇంటివాళ్లు చెబుతుంటే, అసలు వంగనే వంగని ఫ్రేమ్ ఎదురుగా ఉంది.

తర్వాత ఫైలు వచ్చింది. అందులో సర్వేయరు చేత్తో గీసిన ఫ్రేమ్ బొమ్మ ఉంది, ప్లేట్లు ఎక్కడ వేయాలో కొలతలతో. దాని వెనక అంటించిన సన్నని కాగితం ముక్క చూసి కుర్చీలోంచి లేచాను. అది ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర. ఫ్రేమ్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలుతాయి కదా, అదే. నకలు అంటే మనిషి చూసి రాసింది. ముద్ర అంటే ఇనుమే రాసింది. చివరి నుంచి రెండో అంకె నకలులో 8, ముద్రలో 3. మిగతావన్నీ ఒకటే.

అంటే రెండు నంబర్లూ నిజమైనవే. వరుస సంఖ్యలో యాభై తేడా ఉన్న రెండు లారీలు, ఒకే మోడల్, దాదాపు ఒకే సమయంలో తయారై ఒకే మార్కెట్‌కు వచ్చి ఉంటాయి. నకలు రాసిన చేయి ఒకదాని నంబరును ఇంకోదానిగా మార్చేసింది.

తేల్చుకోవడానికి ఫ్యాక్టరీ డేటా కార్డు అడిగాం. మెర్సిడెస్ వాహనాలకు తయారైనప్పుడే రాసిన కార్డు ఉంటుంది. ఛాసిస్‌తో పాటు ఇంజన్, గేర్‌బాక్స్, ఇరుసుల నంబర్లు, రంగు కోడ్ అందులో ఉంటాయి. 3 ఉన్న నంబరు కార్డులోని ఇంజన్ నంబరు, పాత ఇన్సూరెన్స్ పాలసీలోని ఇంజన్ నంబరు ఒక్కటే. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

అక్కకి ఈ మాట చెప్పడం మాత్రం సులువుగా జరగలేదు. "నంబరు కలిసింది, బండీ అలాగే ఉంది, ఇంకేం కావాలండీ?" అంది. అది చూడ్డానికి వాళ్ల నాన్నగారి బండిలా ఉందన్నది నిజం. కొనుక్కుంటే తప్పేం కాదు, 'నాన్న బండి లాంటిది' అని తెలిసి కొనుక్కోండి, నా రిపోర్టులో మాత్రం 'కాదు' అని ఉంటుంది అన్నాను. రెండు రకాలుగా రాయలేను.

రెండో వెతుకులాట

సరైన నంబరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తే రెండు గోడలు ఎదురవుతాయి. ఒకటి గోప్యత. ఇప్పటి ఓనరు పేరు, చిరునామా అడగ్గానే చాలా దేశాల్లో ఇవ్వరు. అమెరికాలో దీనికి 1994లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. బ్రిటన్‌లో తగిన కారణం చూపిస్తూ దరఖాస్తు పెట్టాలి, 'మా నాన్న బండి' అన్నది తగిన కారణమో కాదో వాళ్లే చూస్తారు. అందుకని నేను పేరు అడగను. ఓనరుకు రాసిన ఉత్తరం వాళ్ల చేతికిచ్చి, వీలైతే పంపమంటాను. అన్నిచోట్లా ఒప్పుకోరు, ఒప్పుకున్న చోట మాత్రం ఇది గౌరవంగా జరిగిపోతుంది. రెండో గోడ, రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించిన కాలం. అప్పటికి మూలపడి ఉన్న బండ్లు చాలా చోట్ల లెక్కలోకే రాలేదు. బ్రిటన్‌లో 1983 నాటికి కొత్త వ్యవస్థలో నమోదు కాని పాత నంబర్లు తిరిగి పొందాలంటే ఇప్పటికీ ప్రత్యేకంగా రుజువులు చూపించాలి. 'రికార్డులో లేదు' అంటే 'బండి లేదు' అని కాదు. మా ఉత్తరానికి జవాబు రాలేదు.

కాబట్టి మనుషుల దగ్గరికి వెళ్లాను. వెళ్లే ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ వయసుకు వచ్చిన లారీ ఏ పని చేస్తూ ఉంటుంది? ఫ్రేముకు మరమ్మతైన పాత బండిని దూరాలకు ఎవరూ పంపరు. తక్కువ వేగం, తక్కువ దూరం, ఒకేచోట తిరిగే పని. నాన్నగారి దగ్గర క్లీనరుగా చేరి డ్రైవరైన పెద్దాయన ఇంకా ఉన్నారు. కొన్నవాళ్ల పేరు చెప్పలేకపోయారు. పేరు వదిలేయండి, కొన్నాయన ఏం పని చేసేవారు అంటే ఠక్కున చెప్పారు: "రోడ్డు పనుల కాంట్రాక్టరు బాబూ. నీళ్లు చల్లే బండి కావాలన్నాడు." పేర్లు మరిచిపోయినవాళ్లకు కూడా ఎదుటివాళ్ల పని గుర్తుంటుంది. సాక్షుల్ని అడిగేటప్పుడు నేను ముందు దాని గురించే అడుగుతాను.

నీళ్లు చల్లే బండి అంటే చెక్క బాడీ తీసేసి ట్యాంకు కట్టించి ఉండాలి. ట్యాంకులు కట్టేవాళ్లు లారీలు కొనేవాళ్లంత మంది ఉండరు, పైగా కొలతల పుస్తకం రాస్తారు. ఏ ఫ్రేముకు ఎంత పొడవు, ఇరుసుల మధ్య ఎంత దూరం, అన్నీ. ఆ పుస్తకాల ద్వారా కాంట్రాక్టరు దొరికాడు, ఆయన ద్వారా ఇప్పటి ఓనరు. బండి ఇంకా పనిలోనే ఉంది.

చూడగానే అక్క ముఖం వాడిపోయింది. ముక్కున్న క్యాబినే గానీ వేరే బండిది. వెనక తుప్పు పట్టిన ట్యాంకు. ఇంజన్ ఇంకో కంపెనీది. క్యాబిన్ తలుపు దగ్గర ప్లేటు మీది నంబరు ముద్రలో ఉన్నదీ కాదు, నకలులో ఉన్నదీ కాదు. అక్కడితో ఆగితే 'ఇది కాదు' అని రాసి వచ్చేయాలి.

ఫ్రేమ్ దగ్గర పని నెమ్మదిగా చేయాలి. గ్రైండర్ తగిలించకూడదు, ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్దకూడదు. పెయింట్ కరిగించే ద్రావకం, మెత్తని బ్రష్షు, పక్కనుంచి వాలుగా పడే టార్చి వెలుతురు, ఇవి చాలు. అంకెలు ఒక్కొక్కటిగా తేలాయి, చివరి అంకెను మాత్రం తుప్పు సగం తినేసింది. పూర్తిగా అరిగిన నంబరును కూడా బయటికి తెచ్చే పద్ధతులున్నాయి. పంచ్ పడినచోట అంకె అడుగున కూడా లోహం నలిగి ఉంటుంది, పైపొర పోయినా ఆ నలుగుడు మిగులుతుంది. కాపర్ క్లోరైడు, ఆమ్లం కలిసిన ద్రావణం పూస్తే ఆ చోటు తేడాగా కనబడుతుంది. కానీ అది ఫోరెన్సిక్ ల్యాబ్ చేయాల్సిన పని. ఇంకొకరి బండి మీద, ముందస్తు అనుమతి లేకుండా ఆమ్లం పూస్తే సాక్ష్యం పాడవడమే కాదు, మన మీద అనుమానం వస్తుంది.

నాకు అంత అవసరం రాలేదు. కొత్తగా పెన్సిల్ ముద్ర తీసి, పాత ముద్ర స్కాన్‌ను దాని మీద అదే కొలతలో పరిచాను. చదవగలిగిన అంకెలన్నీ ఒకటే, చివరి నుంచి రెండోది స్పష్టంగా 3. దానికంటే గట్టి ఆధారం పంచ్ పడిన తీరు. ఐదో అంకె కాస్త పైకి లేచింది, దాని పక్కది ఎడమకు ఒరిగింది. రెండు ముద్రల్లోనూ అంతే. ఎవరైనా నంబరును తిరిగి కొట్టవచ్చు గానీ ఆ ఒరుగుడును అలాగే కొట్టలేరు. ఎడమ చానెల్‌కు ప్లేట్లు ఉన్నాయి, సర్వేయరు బొమ్మలో చెప్పిన చోటే, చెప్పిన పొడవులోనే. ఫోటోలో కనబడే రెండో డీజిల్ ట్యాంకు ఇప్పుడు లేదు. దాన్ని మోసిన బ్రాకెట్ రంధ్రాలు మాత్రం ఖాళీగా మిగిలాయి, ఫోటోలో క్యాబిన్‌కూ వెనక చక్రానికీ మధ్య అది ఉన్న చోటుతో సరిపోయాయి.

రిపోర్టులో ఇలా రాశాను: ఫ్రేమ్, నిర్ధారణ. వెనక ఇరుసు, డేటా కార్డు నంబరుతో సరిపోయింది, నిర్ధారణ. ముందు ఇరుసు నంబరు చదవడానికి రాలేదు, చెప్పలేను. క్యాబిన్, ఇంజన్, బాడీ, ఆ బండివి కావు.

తర్వాత జరిగింది

ఓనరుకు మేం ఎందుకొచ్చామో మొదటే చెప్పేశాం. ధర పెంచేస్తాడేమో దాచండి అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఫ్రేమ్ కింద దూరి నంబరు తుడుస్తున్న మనిషిని చూసి ఏ ఓనరైనా ఏదో ఒకటి ఊహించుకుంటాడు, ఆ ఊహ నిజం కంటే ఖరీదైనదై ఉంటుంది. ఆయన నిజం విన్నాడు, బండి అమ్మనన్నాడు. పనికొస్తున్న బండి, ఇంకో ట్యాంకరు వచ్చేదాకా ఇవ్వలేనన్నాడు. న్యాయమే.

అప్పుడు అక్క అడిగింది, మొదటి బండి కొని దాని క్యాబిన్, బాడీ తెచ్చి నాన్న ఫ్రేమ్ మీద పెట్టొచ్చా అని. క్యాబిన్ మార్చడం తప్పు కాదు, రికార్డులో రాయించాలి. కానీ ఒక బండి ప్లేటు ఊడదీసి ఇంకోదానికి రివెట్లు కొట్టడం చాలా దేశాల్లో నేరం, దొంగబండ్లకు పేరు మార్చే పద్ధతి అదే. క్యాబిన్ వస్తే దాని ప్లేటు సంగతి ఏం చేయాలో రిజిస్ట్రేషన్ అధికారిని రాతపూర్వకంగా అడిగాకే చేయి వేయమన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను: మొదటి బండి అక్షరాలా తన సొంత భాగాలతో మిగిలిన లారీ. అది కూడా ఎవరో ఒకరి నాన్నది అయ్యుంటుంది. దాన్ని విప్పేయమని నేను సలహా ఇవ్వను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఆ ఆలోచన మానుకుంది. క్యాబిన్ విడిగా దొరికేదాకా ఆగుతానంది.

ఓనరుతో కాగితం రాసుకున్నాం: ఎప్పుడు అమ్మినా ముందు వీళ్లకే చెప్పాలి. తుక్కుకు ఇవ్వకూడదు. ఎడమవైపు ప్లేట్లు కోయకూడదు. నంబరున్న చోట గ్రీజు పూసి ఉంచాలి గానీ పెయింట్ వేయకూడదు. ఛాసిస్ నంబరును ఈసారి చేత్తో రాయలేదు, పెన్సిల్ ముద్రనే ఒప్పందానికి అంటించాం.

తమ్ముడి కేసు అక్కడితో ముగియాలి. ఆయన అడిగింది ఎక్కడుందో చెప్పమనే కదా. కానీ ముద్రలు రెండూ ఒకదాని మీద ఒకటి పరిచిన రోజు నుంచి ఆయన మనసు ఇంజన్ మీద పడింది. ఓఎం 352లు లారీ పోయాక పడవల్లో, జనరేటర్లలో, నీటి పంపుల్లో చాలా కాలం నడుస్తాయి, నంబరు మన దగ్గర ఉంది. ఇంజన్ మార్చినప్పుడు పాతది ఎవరు తీసుకున్నారో తన పద్దుల్లో ఉంటుందేమో చూస్తానని కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. దానికి వేరే ఫైలు తెరిచాను, తమ్ముడి పేరు మీద.